బడి వరండాలో నేర్చిన నడక

మా పెద్దనాయన బిడ్డ భూదేవికి మూడో ఏట పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. అడుగు వేసినప్పుడల్లా చేత్తో తొడను నొక్కి పట్టేది. లేకపోతే మోకాలు మడతపడి కూలబడేది. మరిపెడ దగ్గర మా ఊళ్లో పిల్లలు ఆమె వెనకాలే తొడలు పట్టుకుని కుంటుతూ నడిచేవాళ్లు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి బడులు మూతబడ్డాయి. మేమంతా చెలకల వెంట తిరుగుతుంటే అక్క ఒక్కతే బడికి పోయేది. ఒకరోజు వెతుక్కుంటూ వెళ్లాను. ఎవరూ లేని వరండాలో చెయ్యి ఊపుకుంటూ నడుస్తోంది. మోకాలిని వెనక్కి విరిచి, బిగించి, దాని మీద బరువు వేస్తోంది. చివరి స్తంభాన్ని పట్టుకుని ఆగి, చెమట తుడుచుకుంది.

"ఎవ్వలకు చెప్పకు. బడి తెరిసేనాటికి గిట్లనే నడుస్త," అంది.

అట్లాగే నడిచింది. కొత్త పంతులుకు ఆమె కాలి సంగతి చాలాకాలం తెలియనే లేదు. మనుషుల ముందు ఆ నడక, ఇంట్లో చేతి నడక. పెద్దయ్యాక బాలవాడీలో పిల్లల్ని చూసే పని కూడా ఆ నడకతోనే చేసింది.

ఎనభైల మొదట్లో మోకాలు కొడవలిలా వెనక్కి వంగిపోయింది. ఇట్లాగే నడిస్తే కొన్నేళ్లకు కాలు అసలే నిలబడదని డాక్టరు చెప్పాడు. అప్పుడే, మేమంతా మానుకోట అనే మహబూబాబాదుకు ఒక యూనివర్సిటీ పరిశోధన బృందం వస్తోందని తెలిసింది. మోకాలిని ఊచలతో పట్టి నిలిపే క్యాలిపర్‌ను వాళ్లు కొత్తగా, తేలికగా తయారుచేస్తున్నారట. కొందరిని ఎంచుకుని ఏడాదిపాటు తమతో ఉంచుకుంటారు. వాళ్లు రోజూ దాన్ని తొడుక్కుని నడవాలి, ఎక్కడ ఒరుసుకుంటుందో చెప్పాలి. ఏడాది తిరిగాక క్యాలిపర్ వాళ్లకే ఇచ్చేస్తారు.

"గీ కాలు నాకైతే పనికిరాలె. సదువుకున్నోళ్లకన్న పనికొస్తదేమోనే," అని బస్సులో నవ్వింది అక్క. ఆమె అంత ఆశగా మాట్లాడడం నేను అదివరకు వినలేదు.

దవాఖాన వరండాలో ఒక్కొక్కరినీ నడిపించి, కొందరినే లోపలికి పిలుస్తున్నారు. చుట్టూ జనం. అక్క లేచింది. చెయ్యి తొడ మీదికి పోయింది. అన్ని కళ్లూ తనవైపే ఉన్నాయి. చెయ్యి దానంతటదే జారిపోయింది. మోకాలు వెనక్కి విరిచి, చెయ్యి ఊపుకుంటూ, ఆ చివరిదాకా నడిచి స్తంభం పట్టుకుంది.

"బాగానే నడుస్తున్నావమ్మా. చేతిసాయం లేకుండా నడవలేని వాళ్లనే తీసుకుంటున్నాం," అన్నాడు కుర్చీలో ఉన్న సారు.

"గది నా నడక కాదు సార్. సూడుండ్రి," అని అక్క తొడ నొక్కిపట్టి కుంటుతూ వెనక్కి వచ్చింది.

జనంలో ఎవరో, "గింతల్నే కాలు పడిపాయెనా అక్కా?" అన్నారు. అందరూ నవ్వారు.

"పొద్దుట్నుంచీ ఇదే వరస. గిట్ల నడుస్త సార్, గట్ల నడుస్త సార్ అని," సారు మా మాటను సాగదీసి అన్నాడు. కోపంతో కాదు, అలసిపోయి. చిన్నప్పటి సంగతి చెప్పబోయాను గానీ, అప్పటికే ఇంకొకరిని పిలిచాడు.

"ఒక్కపారి మోకాలు సూడుండ్రి సార్," అంటూ అక్క వంగి చీర అంచు పట్టుకుంది. అంతమంది మగవాళ్ల ముందు దాన్ని ఎత్తలేక వదిలేసింది.

మానుకోట బజారులో బస్టాండు దాకా తొడ పట్టుకునే నడిచింది. నలుగురిలో ఆమె అట్లా నడవడం బడి తెరిచిన తర్వాత అదే మొదలు.

బాలవాడీ పని పోయింది. తర్వాత కాలూ పోయింది. ఇంట్లో చేతుల మీద జరుగుతూ తిరిగేది. ఒకసారి ఇద్దరం కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు గిల్లుతుంటే అడిగింది.

"నువ్వు సూసినవ్ గదనే. గా దినం మానుకోటల మంచిగ నడిసిన్నా?"

"మంచిగ నడిసినవక్కా."

"కాలు మంచిగున్నోళ్ల లెక్కనేనా?"

"అచ్చం గట్లనే."

తల ఊపింది. ఈనెలు దులుపుకుని, రెండు చేతులూ నేలకు ఆనించి లోపలికి జరిగింది.