పాలరాతి పెట్టె వెనక వైపు

అమెరికాలో నా ఎమ్మెస్‌లో ఒక సబ్జెక్టు వేరే డిపార్ట్‌మెంట్‌లో తీసుకోవచ్చు. రోమన్ శిల్పకళ తీసుకో, నిద్రపోతూ పాసైపోతావు అని సీనియర్లు ఊదరగొట్టారు. వాళ్ళ మాట నమ్మాను చూడండి, నా బుద్ధికి దణ్ణం పెట్టాలి! స్తంభాలు, తోరణాలు, ముక్కు విరిగిన చక్రవర్తులు, అన్నీ నాకు ఒక్కలాగే కనిపించేవి. అప్పటికే మార్కులు తగ్గి ప్రొబేషన్‌లో ఉన్నాను. ఇది కూడా తప్పితే యూనివర్సిటీ వాళ్ళు తీసేస్తారు. దాంతోపాటే వీసా గోవిందా.

చివరి పరీక్ష మ్యూజియంలో పెట్టారు. మనకిచ్చిన శిల్పం ముందు నిలబడి ప్రొఫెసర్ అడిగినవాటికి జవాబు చెప్పాలి. వివరాలుండే పలకల్ని కాగితాలతో మూసేశారు. నాకొచ్చింది నడుమెత్తు పాలరాతి పెట్టె. ముందు వైపు రెక్కలున్న పసిపిల్లలు పూలదండలు మోస్తున్నారు. దండలున్నాయంటే దేవుడిదే అనుకున్నాను. ప్రొఫెసర్ నా దగ్గరికి వచ్చేలోపు ఆంజనేయస్వామిని తలుచుకుంటూ దాని చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసేశాను.

ఆయన వచ్చి ఇదేమిటని అడిగాడు. గుళ్ళో బలిపీఠం అన్నాను. కాదు, శవపేటిక అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పరీక్ష పోయిందనా, శవపేటికకి ప్రదక్షిణలు చేశాననా, దేనికి ముందు ఏడవాలో తెలియలేదు. సరే, ఇది సమాధి గది మధ్యలో ఉండేదా, గోడవారగా ఉండేదా అని అడిగాడు.

అది మాత్రం నాకు తెలుసు.

"గోడకి ఆనించి ఉండేది. వెనక వైపు బొమ్మలు చెక్కలేదు, ఉలి గాట్లు అలాగే ఉన్నాయి. ఎవరూ చూడరని వదిలేసి ఉంటారు," అన్నాను.

పొద్దున్నుంచీ ఒక్కరు కూడా తమ శిల్పం వెనక్కి వెళ్ళి చూడలేదట. నీకెలా తోచిందని అడిగితే, మావాళ్ళం ఏదైనా చుట్టూ తిరిగే చూస్తాం అన్నాను. ఆయన నవ్వి, పాసయ్యావు, ఇక వెళ్ళొచ్చు అన్నాడు.

బయట కారులో మా రూమ్మేట్ ఎదురుచూస్తోంది. వరంగల్ పిల్ల. జరిగిందంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. పాసైనందుకు ఒక్క ముక్క అంటే ఒట్టు.

"శవప్పెట్టె చుట్టు తిరిగినవా? ఇంటికి పోంగనే తలస్నానం చెయ్. అప్పటిదాంక నన్ను ముట్టకు," అంది.

ట్రాయ్ ఊళ్ళో మా అపార్ట్‌మెంట్ చేరగానే నేరుగా షవర్ కింద నిలబడ్డాను. ఇంక నన్నెవరూ పంపించెయ్యరు అని పైకే అనుకున్నాను. అంతే, ఏడుపు తన్నుకొచ్చింది. కారులో నా పక్కన కూర్చున్నందుకు తనూ స్నానం చెయ్యాలంటూ రూమ్మేట్ తలుపు బాదుతోంది. బాదుకోనీ అనుకుని, వేడినీళ్ళు అయిపోయేదాకా హాయిగా ఏడ్చాను.