ఆరిపోయిన పదకొండు ముక్కలు

అక్క చివరగా చేసిన మామూలు పని నా చొక్కాకు ఊడిన గుండీ కుట్టడం. దారం పళ్లతో కొరికి, "ఇంద, తొడుక్కోవే" అని చొక్కా నా మీదికి విసిరి, హడావిడిగా చెప్పులేసుకుని పనికి వెళ్లింది. దారిలో, బస్సులోనే గుండె ఆగిపోయింది.

ఇరవై రెండేళ్లు ఆమె ఒక పరిశోధనశాలలో ఎముకలు విరగ్గొట్టింది. ముసలితనంలో జారిపడితే ఎముక ఎందుకంత సులువుగా విరుగుతుందో తేల్చడం వాళ్ల పని. చనిపోయినవాళ్లు దానమిచ్చిన తొడ ఎముకల్లోంచి అగ్గిపుల్లంత ముక్కలు కోసి, యంత్రం మీద పెట్టి వంచి, ఎంత బరువుకు విరిగిందో రాసేది. అప్పటిదాకా ముక్క ఉప్పునీళ్ల గుడ్డలో తడిగా ఉండాలి. ఆరితే బిరుసెక్కి పుటుక్కుమంటుంది. ఆ అంకె ఇక ఎందుకూ పనికిరాదు.

కుదురుగా కూర్చోవడం అక్కకు చేతకాదు. అన్నం కూడా నిలబడే తినేది.

"మీ అక్క కాళ్లకు చక్రాలున్నాయి మరదలా, ఎముకలున్నాయో లేవో ఓసారి చూడు" అనేవాడు బావ.

పోయినేడాది ఒక వారం మాత్రం ఆ తిరుగుడు వేరేగా ఉంది. గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి గదిలోకి. కడిగిన గ్లాసే మళ్లీ కడిగేది.

"ఏమైందక్కా?"

"పదకొండు ముక్కలు ఆరిపోయాయే. విరిచేశాక గానీ గుడ్డలు చూసుకోలేదు. ఆ అంకెలే మా పెద్ద మేడం పరిశోధన వ్యాసంలోకి వెళ్లిపోతున్నాయి."

"చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసుగా, మొద్దూ! చెబితే ఇన్నేళ్ల పేరు మంటగలుస్తుంది. చెప్పకపోతే..." మాట పూర్తిచేయకుండానే మళ్లీ లేచింది.

శుక్రవారం మేడంకి చెప్పేసింది.  ఆవిడ ఆ అంకెలు కొట్టేసి, ముక్కలు మళ్లీ కోయమందట. అక్క ఏ ముక్క విరిచినా పక్కన ఇంకొకరు నిలబడి చూడాలని కూడా అందట. ఆ మాట చెబుతూ అక్క కడిగిన గ్లాసే మళ్లీ అందుకుంది.

ఎందుకు ఆరనిచ్చావని ఎన్నిసార్లు అడిగినా "మతిమరుపే" అనేది. ముసలిదానివైపోతున్నావని నేను ఏడిపించేదాన్ని.

ఆమె పోయిన పది రోజులకు ఆమె సామాను తెచ్చుకోవడానికి పరిశోధనశాలకు వెళ్లాను. పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడ సంచి సర్దిపెడుతూ ఆ పదకొండు ముక్కల మాట ఎత్తింది.

"ఆ రోజు ఎవరితో ఫోన్లో ఉన్నావని మేడం ఎంత అడిగినా చెప్పలేదు. మీతోనే కదండీ, మీరేదో ఏడుస్తున్నారని ముక్కలు బల్ల మీదే వదిలేసి, గంటంబావు బయట మెట్ల మీదే నిలబడింది."