దవడతో ఎంచిన గాలం కర్ర

నాకు గాలం వెయ్యడం నేర్పింది మా పక్కింటి మామయ్య. రక్తసంబంధం ఏమీ లేదు. రాజుపాలెం పక్కన ఉన్న ఈ ఊరికి కోడలిగా వచ్చిన నాకు ఆయన వరసకి మామయ్య, అంతే. ముప్ఫై ఏళ్ళు రాతి క్వారీలో కంప్రెసర్ మిషన్ పట్టుకుని డ్రిల్లింగ్ చేసిన మనిషి. బడిలో పాఠాలు చెప్పే ఆడమనిషి సాయంత్రం పూట కుంట గట్టున గాలం పట్టుకుని నిలబడితే ఊరంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. నేను వేసిన ముడి చూసి తిట్టాడు.

"బడిలో పిల్లోళ్ళక్కూడా ఇట్టాగే నేర్పుతన్నావా అమ్మాయ్?" అని ఆ ముడి విప్పించి మళ్ళీ వేయించాడు. వేయించాడు అంటున్నాను, వేశాడు అనడం లేదు. మిషన్ అదురుకి ఆయన వేళ్ళు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. కుడిచేతి చివరి రెండు వేళ్ళు ముడుచుకోవు. దారం పట్టుకున్నా పట్టుకున్నట్టు ఆయనకి తెలియదు.

మా కుంట సాగర్ కాలువ నీళ్ళతో నిండుతుంది. సగం తామర, సగం గుర్రపుడెక్క, అడుగున ఒత్తుగా నాచు. ఆ చెత్త కిందే కొర్రమీను కాపురం. దాన్ని అందులోంచి బయటికి లాగడంలో మామయ్యని మించినవాడు ఈ చుట్టుపక్కల లేడని మా ఆయన చెబుతుండేవాడు. కానీ నేను కుంట దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టేసరికే మామయ్య గాలం మానేశాడు. ఒకరోజు చేప గుంజితే వెదురు కర్ర ఆయన చేతిలోంచి జారి నీళ్ళలోకి పోయిందట. గట్టు మీద పదిమంది చూస్తున్నారట. అప్పటినుంచి వస్తాడు, కూర్చుంటాడు, మా గాలాలకి వంకలు పెడతాడు, పోతాడు. ఆయన మళ్ళీ కర్ర పట్టుకుంటే చూడాలని నాకు ప్రాణం కొట్టుకునేది. పైకి అన్నానంటే మర్నాటినుంచి కుంట ముఖం చూడడని భయం.

ఈలోగా నేను ఫోన్లో చూసి ఒక కర్ర తెప్పించాను. నీలం రంగు. ఈకంత తేలిక. ఎరగా కట్టిన రబ్బరు కప్పని తామరాకుల మీద గంతులు వేయిస్తుంటే కొర్రమీను ఆకుల్ని చీల్చుకుని వచ్చి పట్టింది. లాగాను. కర్ర మొదలుదాకా వంగింది. ఎంత బాగా వంగిందో అని నేను మురిసిపోతుండగానే చేప తామర కాడల్లోకి దూరి, రెండు చుట్లు తిరిగి, కప్పతో సహా దారం తెంపుకుని పోయింది.

మామయ్య కూర్చున్నచోటు నుంచి లేవలేదు. "అది కర్ర కాదమ్మాయ్, చీపురుపుల్ల. ఖాళీ నీళ్ళల్లో అయితే చేపతో ఎంతసేపైనా ఆడుకో. ఇక్కడ ఆటేంది? గాలం పడంగానే దాని తల పైకి తిప్పాల. తిప్పలేదా, అది నాచులోకి పోయిద్ది, నువ్వు ఇంటికి పోతావు."

"అయితే మీరే ఎంచి పెట్టండి మామయ్యా" అన్నాను, మంట దాచుకోకుండా.

ఆదివారం నరసరావుపేట బస్సెక్కాం. ఆయన చేతిలో నీళ్ళు కారుతున్న ఎర్ర సంచి ఉంది. అందులో కుంటలోంచి పీకిన గుర్రపుడెక్క, వేళ్ళతో సహా. "ఏంది తాతా అది?" అని కండక్టర్ అడిగితే "కూర" అన్నాడు. ఎదురు సీట్లో మా బడి పిల్లాడి తల్లి. సిగ్గుతో దిగేదాకా నేను కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

వలలు, గాలాలు అమ్మే కొట్టతను ముందు రంగురంగుల కర్రలు పరిచాడు. మామయ్య రంగులు చూడలేదు. దారం కొసకి ఆ తడి సంచి కట్టించి, కర్ర ముంజేతి కింద పెట్టుకుని ఎత్తి చూశాడు.

"పెద్దాయనా, కొట్టంతా తడుపుతన్నావు."

"కుంట ఇంకా చానా తడిగా ఉండిద్దిలే" అని ఇంకో కర్ర అందుకున్నాడు.

నాలుగు కర్రలు నడుం వంచాయి, సంచి నేల వదల్లేదు. అయిదోది నల్లగా, మొరటుగా ఉంది. నిలబెడితే నాకన్నా రెండు జానలు ఎక్కువ. దాని కొస మాత్రం కాస్త తలవంచింది, మొదలు కదల్లేదు. సంచి గాల్లోకి లేచింది. పని అయిపోయింది కదా అని నేను పర్సు తీశాను.

కాలేదు. ఆయన కర్ర మొదలు దవడకి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. "కొసన వేలితో తట్టు" అన్నాడు. తట్టాను. "ఇంకా మెల్లగా." గోటి చివరతో తాకాను. తల ఊపాడు. "ఇప్పుడు తట్టేదీ తట్టందీ నీ ఇష్టం. నేను చెప్తా." నేను వేలు దగ్గరికి తెచ్చి ఆపేశాను. "తట్టలేదు" అన్నాడు. పదిసార్లు మోసం చెయ్యబోయాను. ఒక్కసారి కూడా ఆయన మోసపోలేదు. కొట్టతను కూడా బేరం మర్చిపోయి చూస్తూ నిలబడ్డాడు.

"వేళ్ళు పోతే పోయినయ్. ఎముకలు ఉన్నయ్ గదా" అన్నాడు మామయ్య, కళ్ళు తెరిచి.

నా ఇన్నేళ్ళ చదువులో ఇంత తెలివి ఎక్కడా కనపడలేదు. చివరగా దారం చుట్టే రీలు బిగించేచోటు నుంచి కర్ర మొదలు మోచేతిదాకా వస్తుందో లేదో కొలిచాడు. కొలిచింది తన చేతికి. నా చేతికి అది బాగా పొడుగు. నేను వెంటనే డబ్బు కట్టేశాను.

మర్నాడు సాయంత్రం కుంట దగ్గర నేను రెండుసార్లు విసిరాను. "పక్కటెముకల్లో పొడుచుకుంటోంది మామయ్యా, కొంగు సర్దుకోవాలి, ఒక్క నిమిషం పట్టుకోండి" అన్నాను. నా గొంతు నాకే దొంగగొంతులా వినపడింది. ఆయన నా వంక ఒకసారి చూసి, కర్ర తీసుకున్నాడు.

మొదలు ముంజేతి కింద, మోచేతి ఎముకకి ఆనించి. ఎడంచేతి అరిచేత్తో రీలు తోస్తూ. కొత్త రబ్బరు కప్ప ఆకు మీద ఆగింది, గెంతింది, ఆగింది. అవతలి గట్టున గడ్డి కోసే ఇద్దరు మగవాళ్ళు కొడవళ్ళు ఆపి చూస్తున్నారు. అప్పుడు భయమేసింది. ఇది కూడా జారిపోతే ఆయన ఇక ఈ గట్టుకి రాడు. ఆ పాపం నాది.

ఆకులు ఉబ్బి పగిలాయి. కప్ప కనపడలేదు. ఆయన లాగలేదు. లాగండి లాగండి అని నేను మనసులో అరుస్తున్నాను, ఆయన మోచేయి చెప్పేది వింటున్నట్టు నిలబడ్డాడు. తర్వాత ఒళ్ళంతా వెనక్కి వేశాడు. కర్ర అరచెయ్యంత జారింది. దాన్ని పక్కటెముకలకేసి అదిమి పట్టాడు. నాచులోంచి కొర్రమీను తల పైకి లేచింది. మళ్ళీ దిగనివ్వలేదు. బుట్టెడు గుర్రపుడెక్కతో సహా ఆకుల మీదుగా జారుతూ వచ్చి గట్టు మీద పడింది.

గాలం నేనే తీశాను, ఆ పని ఆయన వేళ్ళ వల్ల కాదు. నేను చేపతో తంటాలు పడుతుంటే ఆయన నీళ్ళలోకి దిగి అటు తిరిగి మొహం కడుక్కున్నాడు. ఒక మొహం కడుక్కోవడానికి పట్టేదానికంటే చాలా ఎక్కువసేపు పట్టింది. తర్వాత వచ్చి కర్ర తీసుకుని కండువాతో తుడుస్తూ, నా వంక చూడకుండానే అన్నాడు:

"రేపు నీకు బడి ఉంది గదా. కర్ర నా కాడ ఉండనీ."

"ఉండనివ్వండి మామయ్యా" అన్నాను.