అమ్మ వంటింటి వెలుగు

మార్కాపురంలో మా దుకాణానికి వచ్చే ప్రతి ఒక్కరిదీ ఒకటే మాట: "వెలుతురు బాగా రావాల." ఇంకా గోడలైనా పైకి లేవని ఇల్లు లోపల ఎలా ఉంటుందో కంప్యూటర్లో బొమ్మ చేసి చూపించడం నా పని. సీలింగ్ నిండా లైట్లు పెట్టమంటారు. ఏ మూలనైనా కాస్త నీడ కనిపిస్తే చాలు, మొహం చిట్లిస్తారు. నీడే లేకపోతే అది కల్యాణమండపం అవుతుంది గానీ ఇల్లెలా అవుతుందని లోలోపల గొణుక్కుంటూనే లైట్లు పెంచుతాను.

ఆ వేసవిలో అక్క వచ్చింది. అర్ధవీడు దగ్గర మా పాత మిద్దె పడగొట్టి, ఆ జాగాలోనే స్లాబు ఇల్లు కట్టుకుంటోంది. కొత్తింటి బొమ్మలు చూసి తలూపింది. "ఒరేయ్, అమ్మ వంటిల్లు ఒకసారి చేసి చూపిస్తావా? ఒక్క ఫొటో అన్నా లేకపాయె మన దగ్గర" అంది.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ వంటిల్లు చూడాలని నాకూ ఉంది. అడిగేవాళ్లు లేక చేయలేదు, అంతే.

మిద్దె కప్పు నడుమ వెలుతురు కోసం వదిలిన గవాక్షం, వానొస్తే దాని మీదికి జరిపే నాపరాయి, పొయ్యి, పక్కన అమ్మ పీట, అన్నీ పెట్టాను. సూర్యుణ్ణి పొద్దుటి వంటవేళకు తెచ్చి నిలబెట్టాను. గోడలకు తెల్లగా సున్నం కొట్టాను. పండక్కి అమ్మ కొట్టిన సున్నమే నాకు గుర్తుంది మరి.

"ఇదేందిరా, ఆస్పత్రి మాదిరుంది!" అంది అక్క.

నాకు ఒళ్లు మండింది. "గవాక్షంలోంచే కదక్కా ఎండ పడేది. ఇంకేం కావాల?"

"నేల మీదైతే పడింది. పైనుంచి దిగినట్ల లేదు. మనం పిడికిట్లో పట్టుకుంటా ఉంటిమే, అది యాడ?"

నిజమే. గవాక్షం నుంచి నేల దాకా ఏటవాలుగా దిగే ఆ వెలుగును పిడికిట పట్టి, ఒకరి చేతిలో ఒకరం పోసుకునేవాళ్లం. అది ఎందుకు రాలేదో ఇద్దరికీ ఒకేసారి తట్టింది. పొగ లేదు.

గోడలకు మసి పట్టించాను. గాలిలో పొగ కలిపి కొంచెం కొంచెం పెంచుతూ పోయాను. వెలుగు దిగింది. కందికంప పొగలో నీలంగా, పీట దాకా, అచ్చం అదే. ఆ పీట మీద అమ్మ లేదని అప్పుడే తెలిసినట్టు ఏడుపొచ్చింది. పొగ ఇంకాస్త పెంచాను. వెలుగు ఇంకా బాగుంది.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఆ పొయ్యి ముందు దగ్గీ దగ్గీ, చివరికి ఆ దగ్గుతోనే పోయింది అమ్మ.

"చాల్లేరా" అంది అక్క. "ఆ పొగ తీసెయ్. అమ్మకు పడదు."

తీసేశాను. దాంతోపాటే వెలుగూ పోయింది.