ఉబ్బని జంపఖానా

ఒక నేతన్న ఒంటరిగా లోకాన్ని ఎదిరించిన వీరగాథ ఇది. అంటే, అట్లా మొదలుపెడదామనుకున్నాను. నేతన్న అంటే మా నాన్న, బాపు. లోకం అంటే హన్మకొండలోని ఒక లాడ్జి మేనేజరు. యుద్ధభూమి మా ఇంటి వాకిలి. అందరికీ చాయ్ కూడా పోశారు.

పోయిన ఎండాకాలం సంగతి. బాపు నేసిన సాంపిల్ జంపఖానా ఆ సారుకు నచ్చితే లాడ్జి గదులన్నిటికీ ఆర్డరు. నచ్చకపోతే మగ్గం విప్పేసి, బాపు ఏదో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా పోవాలి. ఈ మాట ఇంట్లో ఎవరూ అనరు. అందరికీ తెలుసు.

నీలం మీద, నడుమ ఎర్ర డైమండ్లు. నేల మీద పరిస్తే ఎక్కడా ముడత లేదు. సారు కళ్ళద్దాలు సర్దుకొని చూసి, "మధ్యల ఉబ్బింది కదా కాకా" అన్నాడు.

"ఉబ్బుడేంది సార్, జంపఖానా అది, పూరీ కాదు" అన్నాను. బాపు నన్నొక చూపు చూశాడు.

బాపు స్కేలు పెట్టి చూపించాడు. సారు స్కేలును నమ్మలేదు. స్కేలునే నమ్మని మనిషికి ఇంకేం చూపిస్తాం? ఇంతలో అమ్మ వచ్చి, "ఉబ్బలే సార్, మధ్యల గుంత పడ్డట్టున్నది" అని సాయం చేసింది. ఇరవై ఏండ్లుగా ఆ మగ్గం పక్కనే నూలు కండెలు చుట్టిన మనిషి. బాపు బోర్లా పడుకొని, జంపఖానాకు చెంప ఆనించి, ఆ ఉబ్బు కోసం వెతుకుతున్నాడు.

విసుగొచ్చి ఫోన్‌లో వెతికాను. ఎరుపు, నీలం కంట్లోకి పోయేటప్పుడు ఒకే తీరుగా వంగవట. రెండు కండ్లతో కలిపి చూస్తే కొందరికి ఎరుపు ముందుకొస్తుంది, కొందరికి నీలం. కళ్ళద్దాలుంటే ఇంకా తేడా రావచ్చట. అదే చెప్పాను.

"అంటే నా కండ్లు ఖరాబంటవా తమ్మీ?"

"అందరియి గంతే సార్. జర ఒక కన్ను మూయుండ్రి."

మూశాడు. డైమండ్లు కూర్చున్నాయట. తెరిచాడు. లేచాయట. అట్లా ఐదారు సార్లు. ఎదురింటి ఆంటీ, ఈయన ఎవరికి కన్ను కొడుతున్నాడోనని గేటు దాకా వచ్చి చూసింది.

బాపు లేచి కూర్చున్నాడు. "సాపుగనే ఉన్నది కద సార్?"

"ఉన్నది కాకా. నీ నేతల తప్పు లేదు. కాని మా లాడ్జికొచ్చేటోళ్లు ఒక కన్ను మూసుకొని నడువరు గద."

ఆర్డరు మాత్రం ఇచ్చాడు. ఎరుపు లేదు, నీలం లేదు, మొత్తం బూడిద రంగు. దాని మీద మురికి కనపడదట.