మలుపులో నిలబెట్టిన మనిషి

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధవుతుందని పెద్దలు ఊరికే అనలేదు. తిరుమలేష్‌ను చూసినప్పుడల్లా నాక్కూడా అలాగే అనిపిస్తుంది. సింగపూర్‌లోని యీషున్‌లో, మా బ్లాకులోనే నాకు రెండంతస్తుల కింద ఉంటాడు. నిలువెత్తు మనిషి. లిఫ్టులో అందరికంటే చివర ఎక్కుతాడు, తలుపు వచ్చి వీపుకు తగిలితే తలుపుకు సారీ చెప్తాడు.

సొంతూరు ప్రొద్దుటూరు. ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ టెస్టింగు చేసే కంపెనీలో ఏళ్ళ తరబడి ఒకే కుర్చీలో ఉన్నాడు. ఇతరుల తప్పులు వెతకడం ఉద్యోగం, ఆ తప్పులకు క్షమాపణ చెప్పుకోవడం అలవాటు. భార్య సుభద్ర ఇక్కడే చైల్డ్‌కేర్‌లో పనిచేస్తుంది. ఆమెకు గుడి స్నేహితులున్నారు, చీరల స్నేహితులున్నారు. కూతురు శ్రీజకు స్కూలు ఉంది, ఫోను ఉంది. తిరుమలేష్‌కు ఒక బండి ఉంది.

అది ఇటలీ మోటార్‌సైకిలు. ఎవరో చైనీస్ తాత మోజు తీరిపోయి అమ్మితే కొన్నాడు. దాని ఇంజను మామూలు బండ్లలాగా లోపల దాక్కుని ఉండదు. రెండు సిలిండర్లూ రెండు పక్కలకూ చెవుల్లాగా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. స్టార్టు చేస్తే ఒళ్ళంతా ఊగుతుంది. ఆ ఊపుకి బోల్టులు వదులవుతుంటాయి. ఆయిలు మార్చడం లాంటి పెద్ద పనులు కార్‌పార్కులో చేస్తే ఊరుకోరు కాబట్టి, సాయంత్రాలు అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో బోల్టూ తడిమి చూసి బిగిస్తాడు, పాత బనియను ముక్కతో తుడుస్తాడు. స్టాండు మెత్తటి నేలలో దిగబడకుండా కింద పెట్టడానికి ఒక రేకు డబ్బాను చితక్కొట్టి సీటు కింద దాచుకున్నాడు. "పిల్ల పుట్టినప్పుడు కూడా ఇంత జాగ్రత్తగా పట్టుకోలేదు సార్" అని సుభద్ర నాతో అన్నది. నవ్వుతూనే అన్నదిలే.

ఇలాంటి బండ్లున్న తెలుగువాళ్ళు సింగపూర్‌లో ఒక గుంపు కట్టారు. వాట్సాప్‌లో దాని పేరు బెల్లా బృందం, బెల్లా అంటే ఇటలీ భాషలో అందగత్తె. ఆదివారం తెల్లవారగానే వంతెన దాటి మలేషియాలోకి వెళ్తారు. హైవే ఎక్కితే పరువు తక్కువ. పామాయిల్ తోటల మధ్య, కంపోంగులనే మలయ్ పల్లెల పక్కన, కోతులూ కుక్కలూ అడ్డం పడే సందు రోడ్లే వాళ్ళకు కావాలి. ఈ గుంపుకు పెద్ద జనార్ధనరావు. తెనాలి వైపు మనిషి, బ్యాంకులో పెద్ద ఉద్యోగం, బిషాన్‌లో కాండో అనే ఖరీదైన ఫ్లాటు. ఆయనది ఎర్రటి కొత్త బండి. దాని బోల్టులు ఎక్కడుంటాయో ఆయనకు తెలియదు, షోరూము వాళ్ళకు తెలుసు. వెళ్ళేటప్పుడు అందరికీ "చావ్" అంటాడు. ఇటలీ వాళ్ళకు అది సెలవు తీసుకునే మాటేగానీ, తెలుగు చెవికి ఎలా వినపడుతుందో ఆయనకు తెలియక కాదు.

ఈ గుంపులో ఒక పద్ధతి ఉంది. ముందు జనార్ధనరావు పోతాడు. ఏదైనా మలుపు వస్తే తన వెనకున్న మనిషికి వేలు చూపించి అక్కడ దింపేస్తాడు. ఆ మనిషి మలుపులో నిలబడి వెనక వచ్చేవాళ్ళందరికీ దారి చూపించాలి. అందరికంటే చివర వచ్చేవాణ్ణి తోక అంటారు. తోక కనపడేదాకా మలుపులో మనిషి కదలకూడదు. పిడుగులు పడినా సరే. కదిలితే వెనకాలవాళ్ళు తోటల్లో తప్పిపోతారు. తోకగా వచ్చేది అనిల్‌కుమార్, నాకు కొంచెం తెలిసినవాడే. ఈ కథలో నేను కళ్ళారా చూడనిదంతా అతనో సుభద్రో చెప్పిందే.

మిగతావాళ్ళు మలుపు డ్యూటీ తప్పించుకోవడానికి జనార్ధనరావు వెనక ఉండకుండా జారిపోయేవాళ్ళు. తిరుమలేష్ మాత్రం కావాలని ఆయన వెనకే పోయేవాడు. ఎండలో, వానలో, ఏ దిక్కుమాలిన మలుపులో దింపినా చెయ్యి చాపి నిలబడేవాడు. వాళ్ళు అతనికి స్తంభం అని పేరు పెట్టారు. అతను దాన్ని బిరుదనుకున్నాడు. ఇంటికొచ్చి పెళ్ళాం పిల్లకు కూడా చెప్పుకున్నాడు.

ఆ ఏడాది చివర్లో గుంపు ఉత్తర థాయ్‌లాండ్ కొండదారుల మీద పెద్ద టూరు పెట్టుకుంది. దానికి అందరినీ తీసుకెళ్ళరు, జనార్ధనరావు ఎంచినవాళ్ళే. తిరుమలేష్ జీవితంలో దేన్నైనా గట్టిగా కోరుకున్నాడంటే ఆ టూరులో చోటునే. కార్‌పార్కులో కనపడితే నాక్కూడా అదే కథ. ఏ కొండకు ఎన్ని మెలికలో, చలికి టైర్లలో గాలి ఎంత ఉంచాలో వివరించేవాడు. నేను బస్సెక్కే మనిషిని, నాకెందుకయ్యా ఇదంతా అంటే, "వినండి సార్, బాగుంటాది" అనేవాడు.

వర్షాలు మొదలైన ఒక ఆదివారం. కోట తింగి దాటాక తోటల మధ్య ఒక మలుపు. జనార్ధనరావు వేలు చూపించాడు, తిరుమలేష్ దిగాడు. వెనకాలవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు అతని చెయ్యి చూసి తిరిగి వెళ్ళారు. తోక రాలేదు.

తోక ఆ సమయానికి వెనక ఊళ్ళో డూరియన్ పళ్ళ బండి దగ్గర ఆగాడు. తొనలన్నీ తిని, ఇంక ఆ గుంతల రోడ్డు ఎందుకని హైవే పట్టుకుని నేరుగా భోజనాల హోటలుకు చేరుకున్నాడు. అందరూ కూర్చున్నాక ఒక కుర్చీ ఖాళీగా కనపడింది. మలుపులో మనిషిని ఎవరూ విడిపించలేదని అప్పుడు తెలిసింది.

అనిల్‌కుమార్ లేచాడు. "నేనెళ్ళి తీసుకొస్తా అన్నయ్యా."

"కూర్చోవోయ్" అన్నాడు జనార్ధనరావు, చేపముల్లు తీసుకుంటూ. "ఎంతసేపు నిలబడతాడో చూద్దాం. స్తంభం కదా."

అందరూ నవ్వారు. అనిల్‌కుమార్ కూర్చున్నాడు. అతనూ నవ్వాడు, ఆ సంగతి కూడా తనే చెప్పాడు. తిన్నారు, కాఫీలు తాగారు, ఫొటోలు దిగారు. వాన ముదిరేసరికి వంతెన దగ్గర రద్దీ పెరుగుతుందని హైవే మీదుగా ఇళ్ళకు వచ్చేశారు. మలుపులో మనిషి మాట ఎవరూ ఎత్తలేదు. మర్చిపోయారని మాత్రం నేను అనుకోను.

ఆ తోటల్లో ఫోను పనిచేయదు. అతను వానలో అలాగే ఉన్నాడు. పామాయిల్ గెలలు తోలే లారీ డ్రైవరొకడు రెండుసార్లు అటు పోయి, మూడోసారి ఆగి, ఇంటికి పొమ్మని చేత్తో సైగ చేశాడట. పొద్దు వాలాక అతనికి ఒక భయం పట్టుకుంది. తనను వదిలేశారని కాదు. తోకకు ఏదో అయిందని. అనిల్‌కుమార్ ఎక్కడ పడి ఉన్నాడోనని వచ్చిన దారినే వెనక్కి, రోడ్డు పక్క కాలవల్లోకి టార్చి వేసి చూసుకుంటూ, పేరు పెట్టి పిలుచుకుంటూ వచ్చాడు. ఇల్లు చేరేసరికి సుభద్ర లిఫ్టు దగ్గరే నిలబడి ఏడుస్తోంది.

ఎన్నిసార్లు ఫోను చేసినా ఎవరూ ఎత్తకపోయేసరికి, మర్నాడు ఆఫీసుకు కూడా పోకుండా బిషాన్‌లో జనార్ధనరావు ఇంటికి పరుగెత్తాడు. తలుపు తీయగానే "అనిలన్న బాగుండాడా?" అన్నాడు. అనిల్‌కుమార్ సోఫాలోనే కూర్చుని ఉన్నాడు. ఇప్పుడేం చెప్పాలా అని పొద్దున్నే ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు.

జనార్ధనరావు చెప్పడానికి తడుముకోలేదు. "ఏవయ్యా, నువ్వసలు మలుపులో ఏం చేస్తున్నావ్? అనిల్ నీ ముందు నుంచే వచ్చాడు. హారన్ కొట్టాడు. నువ్వు రోడ్డుకి వీపు పెట్టి, బండి కింద తల దూర్చి బోల్టులు బిగించుకుంటున్నావంట. అవునా అనిల్?"

"అవునన్నయ్యా" అన్నాడు అనిల్‌కుమార్, కార్పెట్టు వైపు చూస్తూ.

తిరుమలేష్ అనిల్‌కుమార్ వైపు చూశాడు. తర్వాత, "వంగిన మాట నిజమే అన్నా. ఒక బోల్టు కదులుతాంటే వంగినా. నాదే తప్పు" అన్నాడు.

"మేం భోజనం కూడా సరిగ్గా చేయలేదయ్యా నీ గురించి."

"తప్పయిపోయింది అన్నా."

"సర్లే, క్షమించాం. కానీ ఇలాగైతే కొండల్లో నిన్ను నమ్మి గుంపునెలా నడపమంటావ్? వచ్చే రైడులో చూస్తాను. అదే నీకు లాస్ట్ ఛాన్స్."

క్షమించాడట! ఈ ముక్క అనిల్‌కుమార్ చెప్తున్నప్పుడు నా చేతిలో కాఫీ ఉంది, అతని మీద పోయకుండా ఆపుకున్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర తిరుమలేష్ జరిగింది చెప్తే, శ్రీజ ప్లేటులోంచి తలెత్తకుండా, "డాడీ, దే బ్లఫ్ యూ లా. సో ఆబ్వియస్" అన్నది. సుభద్ర కూడా, "పిల్లకు తెలిసింది నీకు తెల్లేదా? అంత చప్పుడు బండి పక్కన పోతే చెవుడొచ్చిందా నీకు?" అని అడిగింది. పుట్టినప్పటి నుంచీ కూతురి మీద గొంతెత్తనివాడు ఆ పూట అరిచాడు. నా ఫ్లాటు దాకా వినపడింది.

తర్వాతి రైడుకు ముందు రోజంతా వాన. మళ్ళీ అవే తోటలు. మెర్సింగ్ పోయే దారిలో, కల్వర్టు పక్కన, ఎర్రమట్టి అంచున జనార్ధనరావు వేలు చూపించాడు. తిరుమలేష్ బండి ఆపి స్టాండు వేశాడు. సీటు కింద రేకు డబ్బా ఉంది. దాన్ని తీసి స్టాండు కింద పెట్టాలంటే రోడ్డుకు వీపు పెట్టి వంగాలి. వంగలేదు. చెయ్యి చాపి, రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. తోకే మిగిలాడు. వెనకాల మట్టిలో స్టాండు దిగబడుతున్న చప్పుడు అతనికి తెలుసు. ఆ బండి చప్పుళ్ళన్నీ అతనికి తెలుసు. ఒక్క అడుగు వెనక్కి వేసి హ్యాండిలు పట్టుకుంటే సరిపోయేది. అతను వెయ్యలేదు. బండి మెల్లగా ఒరిగి కల్వర్టు రాయి మీద పడింది. బయటికి పొడుచుకొచ్చిన ఆ సిలిండరు మూత పగిలింది. తలైనా తిప్పకుండా నిలబడ్డాడు.

అనిల్‌కుమార్ వచ్చేసరికి ఆయిలు మట్టిలోకి కారిపోయి చిన్న మడుగైంది. "బండి పడిపోయింది కదయ్యా!" అని అరిచాడు.

"మీరు కనపడాల కదన్నా" అన్నాడు తిరుమలేష్. అప్పుడు వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

అనిల్‌కుమార్ ముందుకెళ్ళి చెప్తే జనార్ధనరావు గుంపుతో సహా వెనక్కి వచ్చాడు. ఎర్రబండి మీంచి దిగకుండానే పడిన బండిని చూశాడు, ఆయిలును చూశాడు. "శభాష్! ఇదీ డిసిప్లిన్ అంటే. చూశారా అందరూ? టూరులో సీటు నీదేనయ్యా" అన్నాడు. చప్పట్లు కూడా కొట్టారు. ఆ పాత మోడలు మూత ఇటలీ నుంచి రావాలని, నెలలు పడుతుందని, టూరు పై వారమేనని అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. బండిని లారీ ఎక్కించి పంపారు, అతన్ని కూడా దాంతోనే.

వాళ్ళు కొండలకు వెళ్ళారు. ఒక సాయంత్రం తిరుమలేష్ కార్‌పార్కులో నన్ను ఆపి ఫోను చూపించాడు. గుంపులో పెట్టిన ఫొటో. ఏదో కొండ మలుపులో కిలోమీటరు రాయి, దాని మీద బోర్లించిన హెల్మెట్టు, మెడలో అట్టముక్క, అట్టముక్క మీద స్తంభం అని తెలుగులో రాసి ఉంది. చుట్టూ అందరూ పళ్ళికిలించి నిలబడ్డారు.

"నా పేరు పెట్టినారు సార్" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇంక దాచలేకపోయాను. డూరియన్ బండి దగ్గర నుంచి చేపముల్లు దాకా మొత్తం కక్కేశాను. వాళ్ళు నిన్ను వానలో వదిలేసి కడుపునిండా తిన్నారయ్యా, నవ్వుకున్నారయ్యా, నువ్వు వాళ్ళ కోసం కాలవలు వెతికావు, పైగా వాళ్ళనే క్షమించమన్నావు, నీకు సిగ్గులేదా అని అరిచాను. అతను మూత లేని బండి దగ్గర కూర్చుని, బనియను ముక్కతో బాగున్న పక్క సిలిండరు తుడుస్తున్నాడు. తుడవడం ఆపలేదు.

"తెలుసు సార్. అబద్ధం చెప్పేటప్పుడు అనిలన్న నా మొగం చూడలా. ఆ పొద్దే తెలుసు."

"తెలిసి ఎందుకు ఒప్పుకున్నావయ్యా?"

"ఒప్పుకోకపోతే ఆదివారం యాడికి పోయేది సార్?"

నేను లిఫ్టు వైపు నడిచాను. మూడు నెలలకు ఇటలీ నుంచి మూత వచ్చింది. కార్‌పార్కులో రెండు సాయంత్రాలు కూర్చుని తనే బిగించుకున్నాడు. ఆ ఆదివారం గుంపు బయల్దేరింది, తిరుమలేష్ జనార్ధనరావు వెనకే ఉన్నాడు. మొదటి మలుపులోనే దింపారట.