అబిగయీలు మైక్ టెస్టింగ్

మా తమ్ముడు బెన్హర్‌కి చెవుడని ఊరంతటికీ తెలుసు, వాడికి తప్ప.

బోగోలు మండలంలో సముద్రం వైపు ఏ పల్లెలో పెళ్లయినా, చావయినా, క్రిస్మస్ కూటాలైనా మైకుసెట్టు మా వాడిదే. మీసాలు రాకముందు నుంచీ ఆ పెద్ద పెద్ద బాక్సుల పక్కనే నిలబడ్డాడు, వాటి పక్కనే కునుకు తీశాడు. దూరంగా నిలబడి చావరా అని నేను మొత్తుకుంటే, "బాక్సు దగ్గర లేకపోతే సౌండు ఎట్టా తెలస్తాదక్కా?" అనేవాడు. మొండి వెధవ. ఒకే మాట నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చినవాళ్లు, "నీతో చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందయ్యా" అని ఎగతాళి చేస్తే, "ఊళ్లో శంఖం ఊదేదే నేను గదా" అని నవ్వేసేవాడు.

భార్య పురిట్లోనే పోతే, బిడ్డ అబిగయీలును తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. నేను పెంచానన్న మాటే గానీ అది వట్టి నాన్నకూచి. నడక వచ్చిన దగ్గర్నుంచీ వాడి ఆటో ఎక్కి తిరిగింది. వాడు మైకు పట్టుకుని "అలో, మైక్ టెస్టింగ్, వినపడతా ఉందా?" అంటే, అది పందిరి చివర నిలబడి చెయ్యి పైకెత్తేది. ఆ చెయ్యి లేస్తేనే సౌండు సరిపోయినట్టు. ఇంకెవరు చెప్పినా వాడు నమ్మేవాడు కాదు.

ఆ బిడ్డకి రక్తంలో జబ్బు వచ్చింది. నెల్లూరు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ దాని చేతిలో ఒక పాత వీడియో గేమ్ ఉండేది, వాళ్ల నాన్న చెన్నైలో సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కొచ్చింది. అందులో ఒక కుక్కపిల్ల. మనం ఏదైనా మాట చెబితే ఆ గొంతు దాచిపెట్టుకుంటుంది. మీట నొక్కినప్పుడల్లా ఆ గొంతు వినిపిస్తుంది, కుక్కపిల్ల తోక ఊపుకుంటూ పరుగెత్తుకొస్తుంది. పక్క మంచాల వాళ్లకి నిద్రాభంగం కాకూడదని, అబిగయీలు అందులో ఒక మాట గుసగుసగా చెప్పింది. ఆ నెల దాటకుండానే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది.

నేను రోజూ పొద్దున్నే ఆ మీట నొక్కి వింటాను. బెన్హర్ ఏనాడూ దగ్గరికి రాలేదు. "నా వల్ల కాదక్కా" అనేవాడు. మొన్న, బిడ్డ పోయి ఏడాదైనందుకు పెట్టిన జ్ఞాపకార్థ కూటం ముందు రోజు మాత్రం తనంతట తనే అడిగాడు. గేమ్ బ్యాటరీ చచ్చిపోయింది. ఛార్జరు తీస్తే ఆరిపోతోంది, ఏ రోజు పూర్తిగా పోతుందో తెలియదు. పోకముందే గొంతును ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, కూటంలో బాక్సుల్లో వినిపిస్తానన్నాడు.

"ఒక్కసారి దాని గొంతు వినాలక్కా" అన్నాడు.

మధ్యాహ్నం వసారాలో కూర్చున్నాం. గేమ్‌కి ఇయర్‌ఫోన్ పెట్టేచోట వైరు గుచ్చి, రెండో కొస ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో పెట్టాడు. మీట నొక్కితే స్పీకర్లలో బుర్రుమని ఒకటే మోత. ఆ మోత కిందే నా బిడ్డ గొంతు సన్నగా వినిపించింది. నాకు కళ్లు నిండిపోయాయి. వాడు మాత్రం "కరెంటు మోత కొడతా ఉంది" అని ల్యాప్‌టాప్ ఛార్జరు పీకేశాడు. రెండూ కరెంటు మీదుంటే అట్టాగే మోగుతుందట. మోత టక్కున ఆగింది. గొంతు తేటగా వచ్చింది, నా భుజం మీద వాలి చెప్పినట్టు.

వాడు తల అడ్డంగా ఊపాడు. వైరు మార్చి నొక్కాడు. మళ్లీ వినిపించింది, మళ్లీ తల ఊపాడు. సౌండు పూర్తిగా పెంచాడు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు, తీసి దులిపాడు, మళ్లీ పెట్టుకున్నాడు. బాగానే ఉంది కదా, ఇంకేం బాగుచేస్తాడో అనుకున్నాను, పిచ్చిమొహాన్ని. చివరికి హెడ్‌ఫోన్ పీకి నేలకేసి కొట్టాడు.

"పోయిందక్కా! ఇందాకటి మోత తప్ప ఇందులో ఏమీ లేదు. పాప గొంతు చెరిగిపోయింది."

కోపంలో వాడి వేలు మీట మీదే ఉంది. స్పీకర్లలో బిడ్డ మాట్లాడుతూనే ఉంది. అప్పుడు అర్థమైంది నాకు. మోత వినపడిన ఆ చెవికి గుసగుస అందడం లేదు.

అవున్రా, చెరిగిపోయింది అందామనుకున్నాను. ఒక్క ఏడుపుతో పోయేది. ఈలోగా వాడే తెర వైపు చూశాడు. సౌండు వస్తే లేచే పచ్చ గీతలు అందులో లేస్తున్నాయి, పడుతున్నాయి. ఆ గీతలు చూసి బతికినవాడు వాడు. తర్వాత నా మొహం చూశాడు.

"నీకు వినపడతా ఉంది గదా?"

అవునన్నట్టు తల ఊపాను. వాడు చెవి మీద అరచెయ్యి అదిమిపెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమంటా ఉందక్కా?"

నా ఖర్మ, అది గుసగుసగా చెప్పిన మాటను నేను వాడి చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సి వచ్చింది.

"అలో, మైక్ టెస్టింగ్ అంటా ఉందిరా. నాన్నా, వినపడతా ఉందా అంటా ఉంది."

బెన్హర్ మళ్లీ మీట నొక్కాడు. పచ్చ గీతలు లేచాయి. వాటినే చూస్తూ మెల్లగా చెయ్యి పైకెత్తాడు.